మీకు తెలుసా? అడగకుండానే డేరా వేసుకోవచ్చు!

అమెరికాలో ప్రభుత్వ భూమిలో చాలాచోట్ల పైసా కట్టకుండా, ముందుగా బుక్ చేసుకోకుండా డేరా వేసుకుని రాత్రిళ్లు గడపవచ్చని మీకు తెలుసా? ఒక్క బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (బీఎల్ఎం) అనే ప్రభుత్వ సంస్థ చేతిలోనే దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటి విస్తీర్ణం కలిపినా ఇది దానికి మూడున్నర రెట్లు! ఇందులో చాలాభాగం పశ్చిమ రాష్ట్రాల్లో, అలాస్కాలో ఉంది. నెవాడా రాష్ట్రంలోనైతే సగానికి పైగా నేల ఈ సంస్థదే.

యోసెమిటీ లాంటి నేషనల్ పార్కుల పద్ధతి వేరు. అక్కడ చూపించిన చోటే దిగాలి, సీజన్‌లో నెలల ముందే బుక్ చేసుకోవాలి. బీఎల్ఎం భూముల్లోనూ, నేషనల్ ఫారెస్టుల్లోనూ చాలాచోట్ల ఆ బాధ లేదు. ఇలా డేరా వేసుకోవడాన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. బీఎల్ఎం భూమిలో సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులకు మించి ఒకేచోట ఉండనివ్వరు. గడువు తీరాక చాలా ప్రాంతాల్లో కనీసం 25 మైళ్ల అవతలికి వెళ్లాలి. అందరి నేలను ఏ ఒక్కరూ సొంతిల్లు చేసుకోకూడదు కదా, మంచి నియమమే.

అయితే అక్కడ కుళాయి ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, చెత్తకుండీ ఉండదు. తాగే నీళ్లు మీరే మోసుకెళ్లాలి, చెత్తంతా మీరే మోసుకురావాలి. కాలకృత్యాలకు వాగుకూ చెరువుకూ 200 అడుగుల ఎడంగా, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంత తవ్వి పూడ్చాలి. కొన్ని ఎడారి లోయల్లో అదీ కుదరదు, మలాన్ని కూడా సంచిలో కట్టి వెనక్కి తెచ్చుకోవాల్సిందే.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది కాళ్లకింది నేల. యూటా ఎడారుల్లో నల్లగా, గరుకుగా, బొడిపెలు బొడిపెలుగా కనిపించే మట్టి పైపొర ప్రాణమున్నది! సయనోబ్యాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి అల్లుకున్న పొర అది. కంటికి కనపడని జిగురు పోగులతో ఇసుక రేణువులను పట్టి ఉంచి, గాలికి లేచిపోకుండా, వానకు కొట్టుకుపోకుండా కాపాడుతుంది. గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి అందిస్తుంది. ఎడారి మొక్కలకు ఎరువు అదే. దానిమీద ఒక్కసారి అడుగేస్తే చాలు, చిట్లిపోతుంది. మళ్లీ పూర్తిగా కట్టుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. డేరాకు కొత్త చోటు వెతుక్కోవద్దని, ఇదివరకు ఎవరో దిగి గట్టిపడిన నేలమీదే వేసుకోమని చెప్పేది ఇందుకే. మనిషి అడుగు పడని చోట మన అడుగే మొదటిది కావాలన్న కోరిక ఇక్కడ పనికిరాదు.

ఎలుగుబంట్లు తిరిగే అడవుల్లో ఇంకో జాగ్రత్త అవసరం. అన్నం, కూర, ఆవకాయ మాత్రమే కాదు, సబ్బు, టూత్‌పేస్టు కూడా డేరాలో ఉంచకూడదు. వాసన వచ్చే ప్రతిదాన్నీ ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి దూరంగా ఉంచాలి. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్ని చంపేయాల్సిన పరిస్థితి రావచ్చు.

అమెరికాలో ఉన్న మీ పిల్లలు ఈ వేసవిలో ఇలాంటి చోటికి వెళుతుంటే ఒక్క మాట చెప్పండి: ఆ ప్రాంతపు బీఎల్ఎం లేదా ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేసి, మంట వేయడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోమనండి. వేస్తే, బయల్దేరే ముందు నీళ్లు పోసి కలిపి, బూడిద చేతికి చల్లగా తగిలే దాకా అక్కడి నుంచి కదలవద్దని చెప్పండి.