సొంత ఇల్లు, సొంత కారు: తరాల మధ్య అందుబాటు

పరిచయం

"మా నాయన ముప్పై ఏళ్లకే ఇల్లు కట్టినాడు. నాకు ముప్పై ఐదు దాటినా బాడుగింట్లోనే ఉన్నా" అనే మాట మీరు వినే ఉంటారు. బహుశా మీరే అని ఉంటారు. దానికి పెద్దల జవాబు కూడా మనకు తెలిసిందే: "మా కాలంలో సైకిలు కొనాలంటేనే రెండు పంటలు చూసుకోవాల్సి వచ్చేది. మీరు కాలేజీకి పోయేనాటికే బండి అడిగినారు." ఈ రెండు మాటల్లో ఏది నిజం? రెండూ నిజమే కావచ్చునా? ఈ పాఠంలో ఆ విషయాన్ని సోమందేపల్లె పరిసరాలను దృష్టిలో పెట్టుకుని పరిశీలిద్దాం.

సోమందేపల్లె శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలో భాగం. వానను నమ్ముకున్న వేరుశనగ, కొంత మల్బరీ సాగు, పట్టు నేత ఈ ప్రాంతపు పాత ఆధారాలు. 44వ నంబరు జాతీయ రహదారి, దాని మీదుగా బెంగళూరుకు సాగే రాకపోకలు తరవాత వచ్చిన ఆధారం. పొరుగున పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారం పెట్టడానికి కియా సంస్థ 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం అది. కరువు సీమలో కార్లు తయారవుతున్నాయి. వాటిని తయారుచేసే ఊళ్ల యువతకు కారు, ఇల్లు ఎంత దూరంలో ఉన్నాయన్నది అర్థశాస్త్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

అందుబాటును కొలవడం ఎలా?

ధర పెరిగినంత మాత్రాన వస్తువు అందకుండా పోయిందని చెప్పలేం, ఎందుకంటే ఆదాయం కూడా పెరుగుతుంది. అందువల్ల అర్థశాస్త్రవేత్తలు ధరను ఆదాయంతో భాగించి చూస్తారు. ఒక వస్తువు కొనడానికి ఎన్ని నెలల లేదా ఎన్ని సంవత్సరాల ఆదాయం కావాలో ఈ నిష్పత్తి తెలుపుతుంది. అప్పు చేసి కొనేవారి విషయంలో ఇది ఒక్కటే చాలదు. నెలవారీ వాయిదా ఆదాయంలో ఎంత భాగమో చూడాలి. అప్పు దొరకడానికి ముందుగా చేతి నుంచి పెట్టవలసిన సొమ్ము ఎంతో కూడా చూడాలి. ఈ మూడో అంశాన్ని చాలామంది మరచిపోతారు. యువతరం చిక్కుకునేది ఎక్కువగా అక్కడే.

కారు సంగతి

ముందుగా కారును తీసుకుందాం, లెక్క సులభం కాబట్టి. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదలైనప్పుడు దాని ధర సుమారు 50 వేల రూపాయలు. ఆనాడు దేశంలో తలసరి వార్షికాదాయం మూడు వేల రూపాయలకు లోపే. రెండున్నర వేలు అనుకున్నా, సగటు మనిషి ఇరవై ఏళ్ల ఆదాయం ఒక చిన్న కారు ఖరీదుకు సమానం. 2023-24లో తలసరి ఆదాయం సుమారు 1.85 లక్షలు. అప్పుడు అదే సంస్థ చిన్న కారు ఆల్టో ప్రారంభ ధర 4 లక్షల లోపు. అంటే రెండేళ్ల ఆదాయానికి కాస్త ఎక్కువ. ఈ కొలతతో చూస్తే కారు దూరం కాలేదు, ఎంతో దగ్గరయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడం దాన్ని ఇంకొంచెం దగ్గర చేసింది. పాత తరంలో డబ్బున్నా బండి వెంటనే దొరికేది కాదన్నది మరో విషయం. లైసెన్సుల కాలంలో బజాజ్ స్కూటరు కోసం సొమ్ము కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవారు మీ ఇళ్లలోనే ఉండవచ్చు, అడిగి చూడండి.

అయితే తలసరి ఆదాయం ఒక సగటు మాత్రమే. సగటు మనిషి సోమందేపల్లె సంతలో కనిపించడు. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదట ప్రారంభించింది ఉమ్మడి అనంతపురం జిల్లాలోని బండ్లపల్లెలోనే, 2006 ఫిబ్రవరి 2న. ఆ పథకం కింద 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి 300 రూపాయలు. 4 లక్షల కారుకు 1,333 పనిదినాల కూలి కావాలి. ఏడాదికి నూరు రోజులు పని దొరికితే, తిండికి పైసా ఖర్చు చేయకుండా ఉంటే, పదమూడేళ్లు పైగా పడుతుంది. ఇదే కాలంలో, ఇదే దేశంలో, ఒకరికి రెండేళ్లు, మరొకరికి పదమూడేళ్లు. తరాల తేడా అంత కాకపోయినా ఇదీ పెద్ద తేడాయే.

ఇప్పుడు నెలకు 18,000 రూపాయలు సంపాదించే ఒక కార్మికుణ్ణి ఊహించుకుందాం. ఈ అంకె లెక్క కోసం తీసుకున్నది మాత్రమే. ఎర్రమంచిలో తయారైన సెల్టోస్ కారు 2019 ఆగస్టులో 9.69 లక్షల ప్రారంభ ధరతో మార్కెట్లోకి వచ్చింది. ఆ కార్మికుడి ఆదాయంలో అది దాదాపు 54 నెలలు. అదే 80 వేల మోటారు సైకిలు అయితే నాలుగున్నర నెలలు. ఈ పీఠభూమిలో యువతకు నిజంగా అందిన వాహనం మోటారు సైకిలే. 2011 జనగణన నాటికి దేశంలో 21 శాతం కుటుంబాలకు ద్విచక్ర వాహనం ఉండగా, కారు లేదా జీపు 4.7 శాతానికే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ద్విచక్ర వాహనాలు సుమారు సగం కుటుంబాలకు చేరగా, కార్లు 8 శాతం దగ్గరే నిలిచాయి.

ఇల్లు: కట్టుకున్న కాలం, కొనుక్కునే కాలం

ఇంటి లెక్క ఇంత తేలిక కాదు. అనంతపురం పల్లెల్లో పాత ఇల్లు అంటే రాతి గోడల మీద మట్టి మిద్దె. రాయి చుట్టుపక్కల గుట్టల నుంచి, దూలాలు సొంత చేనిలోని చెట్ల నుంచి, మిద్దె మీద పరిచే చౌడు మన్ను చెరువు పక్క నుంచి వచ్చేవి. బంధువులు, ఇరుగుపొరుగు చేయి వేసేవారు. స్థలం చాలామందికి తాతల నాటి గ్రామకంఠంలోనిదే. ఈ ఇంటికి రొక్కంగా ఖర్చయింది తక్కువ. శ్రమ మాత్రం ఎక్కువే, కానీ దాన్ని ఎవరూ ఖాతాలో రాయలేదు. నేటి ఇల్లు సిమెంటు, ఇనుము, ఇసుక, టైల్సు, కరెంటు, బేల్దారి మేస్త్రీ కూలి. ప్రతిదీ డబ్బుతో కొనవలసిందే. కాబట్టి "నాయన ఇరవై వేలతో ఇల్లు కట్టినాడు, నాకు ఇరవై లక్షలు అడుగుతున్నారు" అన్నప్పుడు మనం రెండు వేరు వేరు వస్తువులను పోలుస్తున్నాం. మొదటి దానిలో సగానికి పైగా ఖర్చు లెక్కలోకే రాలేదు. రెండవ దానిలో మరుగుదొడ్డి, నీళ్ల కొళాయి, వానకు కారని స్లాబు ఉన్నాయి. వానాకాలంలో మట్టి మిద్దె కింద గిన్నెలు పెట్టుకున్నవారికి ఈ తేడా చెప్పనక్కరలేదు.

గ్రామీణ కుటుంబాల్లో 94.7 శాతానికి సొంత ఇల్లు ఉందని 2011 జనగణన చెప్పింది. పట్టణాల్లో ఇది 69.2 శాతం. ఈ అంకెను చూసి పల్లెల్లో ఇంటి సమస్య లేదని అనుకోకూడదు. అన్నదమ్ములు ముగ్గురు, వారి భార్యాపిల్లలు ఒకే మిద్దె కింద ఒకే కుటుంబంగా ఉంటే, జనగణన దాన్ని సొంత ఇల్లున్న ఒక కుటుంబంగా రాసుకుంటుంది. చిన్న కొడుకు వేరు పడితే కొత్త ఇల్లు ఎక్కడ, ఎంతకు అన్న ప్రశ్న ఆ అంకెలో కనిపించదు. పైగా ఉద్యోగం ఉన్నది హిందూపురంలోనో, బెంగళూరులోనో అయితే ఊళ్లోని వాటా గది బాడుగను తప్పించదు.

ప్రభుత్వ గృహనిర్మాణ పథకాలు ఇక్కడ కొంత ఆదుకున్నాయి. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. మైదాన ప్రాంతాల్లో దాని సాయం 1.20 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం, ఇంటికి 1.80 లక్షలు అన్నది ప్రమాణం. సెంటున్నర అంటే సుమారు 650 చదరపు అడుగులు. సాయానికి మించి అయ్యే ఖర్చును లబ్ధిదారు అప్పుగా తెచ్చుకోవలసి వస్తుంది. పునాది వేసి ఆగిపోయిన ఇళ్లను మీ ఊరి కాలనీలో చూస్తే ఆ ఖాళీ ఎంతో తెలుస్తుంది.

స్థలం ధర ఎందుకు పెరుగుతుంది?

సిమెంటుకు గిరాకీ పెరిగితే కొత్త కర్మాగారాలు వస్తాయి. కారు విషయమూ అంతే. స్థలానికి అలా జరగదు, రోడ్డు పక్క నేలను ఎవరూ తయారుచేయలేరు. సరఫరా స్థిరంగా ఉండి గిరాకీ పెరిగితే భారమంతా ధర మీద పడుతుంది. దీన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక ఎకరా మెట్ట భూమి వేరుశనగతో ఖర్చులు పోను ఏడాదికి 8,000 మిగులుస్తుందనుకోండి. వడ్డీ రేటు 8 శాతం అయితే, సేద్యపరంగా ఆ ఎకరా విలువ లక్ష రూపాయలు. ఎందుకంటే లక్షను బ్యాంకులో వేసినా అంతే వస్తుంది. అదే ఎకరాకు ఎవరైనా ముప్పై లక్షలు చెబుతుంటే, మిగిలిన ఇరవై తొమ్మిది లక్షలు పంట విలువ కాదు. రేపు ఇక్కడ లేఅవుటు వస్తుంది, కంపెనీ వస్తుంది అన్న అంచనా విలువ. ఎర్రమంచిలో కర్మాగారం, 2024 జనవరిలో పాలసముద్రం వద్ద ప్రారంభమైన కేంద్ర కస్టమ్స్ శిక్షణ సంస్థ వంటివి ఇటువంటి అంచనాలకు బలమిస్తాయి.

దీని ఫలితం ఇంటింటికీ వేరు. రోడ్డు పక్క రెండెకరాలున్న రైతు కొడుక్కి ధర పెరగడం వరం. భూమి లేని కూలీ కూతురికి, మగ్గం తప్ప మరేదీ లేని నేత కార్మికుడి కొడుక్కి అదే శాపం. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే కర్మాగారంలో, ఒకే జీతానికి పనిచేస్తున్నా సరే. నా అభిప్రాయంలో "యువతరానికి ఇల్లు అందడం లేదు" అన్న మాటను "వారసత్వం లేని యువతకు ఇల్లు అందడం లేదు" అని సవరించుకోవడం వాస్తవానికి దగ్గర.

అప్పు, ముందు సొమ్ము

పట్టణంలో 20 లక్షల ఇల్లు కొనదలచిన జంటను తీసుకుందాం. ఇద్దరి ఆదాయం కలిపి నెలకు 28,000 అనుకుందాం. 30 లక్షల లోపు గృహరుణాల్లో ఇంటి విలువలో 90 శాతం వరకు అప్పు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. 18 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే నెలకు సుమారు 15,600 రూపాయల వాయిదా. అది ఆదాయంలో 56 శాతం. 15 శాతం వడ్డీ ఉన్న రోజుల్లో ఇదే అప్పుకు 23,700 కట్టవలసి వచ్చేది. అంటే వడ్డీ విషయంలో నేటి తరం మెరుగైన స్థితిలో ఉంది.

చిక్కు ముందు సొమ్ములో ఉంది. చేతి నుంచి 2 లక్షలు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మరో లక్షన్నర. మొత్తం 3.5 లక్షలు. బాడుగ, బడి ఫీజులు పోను నెలకు 3,000 దాచగలిగితే దాదాపు పదేళ్లు పడుతుంది. ఈ పదేళ్లలో ఇంటి ధర ఏటా 6 శాతం చొప్పున పెరిగితే 20 లక్షల ఇల్లు సుమారు 36 లక్షలవుతుంది. అప్పుడు ముందు సొమ్ము కనీసం 6 లక్షలు. దాచుకుంటూ ముందుకు నడిచేకొద్దీ గమ్యం ఇంకా ముందుకు జరుగుతుంది.

జీతం చీటీ లేని నేత కార్మికుడికి, ఒప్పంద కూలీకి బ్యాంకు తలుపు తెరుచుకోవడమే కష్టం. వారు చీటీ పాట పాడుకుంటారు, లేదా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటారు. నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. 5 లక్షల మీద నెలకు 10,000 వడ్డీయే పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

మిగతా చోట్ల

రిజర్వు బ్యాంకు 2019లో ప్రచురించిన సర్వే ప్రకారం, హైదరాబాదుతో సహా 13 నగరాల్లో ఇంటి ధర 2015 మార్చిలో నెలసరి ఆదాయానికి 56.1 రెట్లు ఉండగా, 2019 మార్చి నాటికి 61.5 రెట్లకు చేరింది. ఇంగ్లండులో 1997లో ఇంటి ధర ఒక ఉద్యోగి మూడున్నరేళ్ల సంపాదనకు సమానం, 2023 నాటికి అది ఎనిమిదేళ్లు దాటింది. అక్కడ కూడా తల్లిదండ్రులు ముందు సొమ్ము సర్దగలిగిన పిల్లలే తొందరగా ఇల్లు కొంటున్నారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఇంట్లో పెద్దలను అడిగి, వారు ఇల్లు కట్టిన సంవత్సరం, రొక్కంగా అయిన ఖర్చు, ఆనాటి రోజు కూలి రాసుకోండి. ఖర్చును కూలితో భాగించి ఎన్ని పనిదినాలో కనుక్కోండి. బంధువుల శ్రమను, సొంత కలపను ఆనాటి ధరల్లో కలిపి మళ్లీ లెక్కించండి. ఈనాడు మీ ఊళ్లో అంతే విస్తీర్ణంలో ఇల్లు కట్టడానికి మేస్త్రీ చెప్పే అంచనాను, స్థలం ధర కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి, నేటి కూలితో భాగించండి. రెండు జవాబుల మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో పది వాక్యాల్లో రాయండి.