నల్ల కవరు

రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా మెడికల్ షాపుకి ఒక రకం మనుషులు వస్తారు. క్రోసిన్ అడుగుతారు, డబ్బులిస్తారు, కదలరు. పక్కనున్న పెద్దాయన బీపీ గోలీలు తీసుకుని మెట్టు దిగేదాకా ఫోన్లో ఏదో చూస్తూ నిలబడతారు. హైదరాబాద్‌లో, లక్డీకాపూల్ నుంచి నీలోఫర్ ఆస్పత్రికి పోయే దారిలో ముప్పై ఏళ్లుగా ఈ కౌంటరు వెనకున్నవాణ్ని. వాళ్లు నిలబడే తీరులోనే సంగతి తెలిసిపోతుంది.

"అన్నా, ఒక మాట అడగాలె," అన్నాడా పిల్లవాడు. పాతికేళ్లుండవు. "నిన్న రాత్రి తప్పయింది. ఏదన్న గోలీ ఉందా?"

ఉంది. కాకపోతే నేను కౌంటరు మీంచి ఇచ్చేది కాదది. డాక్టరు చూసి, రక్తపరీక్ష చేయించి మొదలుపెట్టాలి. హెచ్‌ఐవీ ఒంట్లో చొరబడగానే పాతుకుపోదు, దానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలోనే మందు పడాలి. ఎన్ని గంటలు ముందైతే అంత మంచిది, 72 గంటలు దాటితే వేసుకుని లాభం లేదు. మొదలుపెట్టాక 28 రోజులు ఒక్క పూట తప్పకూడదు. "తెల్లారేదాకా ఆగకు తమ్మీ, ఉస్మానియా ఎమర్జెన్సీకి పో" అని ఆటో ఎక్కించాను. రేపు పరీక్షలో ఏమీ లేదని వచ్చినా సంబరపడొద్దనీ, మూడు నెలలకు మళ్లీ చేయించుకోమనీ చెప్పాను. సోకిన కొత్తలో పరీక్షకు అది దొరకదు.

మా తరానికి ఈ జబ్బు సంగతి చెప్పింది పులిరాజా. 2000 దశకం మొదట్లో, ఉమ్మడి రాష్ట్రంలో ఎక్కడ చూసినా హోర్డింగుల మీద ఒకటే ప్రశ్న: పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా? ఎవడీ పులిరాజా అని నాంపల్లి స్టేషన్ దగ్గర టీకొట్లో వాదులాడుకునేవాళ్లం. జనం చేత ఆ మాట బయటికి అనిపించిన బోర్డది, కాదనను. నా పేచీ ఒక్కటే. పులిరాజా పెళ్లానికి వస్తుందా అని ఏ హోర్డింగూ అడగ్గా నేను చూడలేదు. నా కౌంటరు దాకా ఏడుస్తూ వచ్చింది ఆవిడే.

పేరెందుకు, నల్గొండ వైపు మనిషి. ఏడో నెల కడుపుతో పరీక్ష చేస్తే బయటపడింది. మొగుణ్ణి తప్ప పరాయివాణ్ని ఎరగదు. అంతకుముందు చూపించుకున్న ఒక ఆస్పత్రిలో ఆమె మంచానికి ఎర్రసిరాతో రాసిన కాగితం అంటించారట, వచ్చేపోయేవాళ్లంతా చదివేలా. ఇప్పుడలా చేయడం చట్టవిరుద్ధం. 2017లో చట్టం వచ్చింది, మరుసటి ఏడాది అమలైంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, వైద్యం కాదనకూడదు.

"బిడ్డకు గూడ వస్తదా అన్నా?" అనడిగింది. ఏమీ చేయకుండా వదిలేస్తే నూటికి పదిహేను నుంచి నలభై అయిదు మంది పిల్లలకు సోకుతుంది. తల్లి రోజూ మందు వేసుకుంటూ, పుట్టిన బిడ్డకు వారాల తరబడి చుక్కల మందు పోస్తే అయిదు లోపుకు దిగుతుంది. అందుకే గర్భిణికి మొదటి నెలల్లోనే పరీక్ష. ఆమె బిడ్డకు రాలేదు. మా దారిలోని నీలోఫర్ ఆస్పత్రి పేరు వెనకా ఒక కాన్పు కథే ఉంది. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే అమ్మాయి ప్రసవంలో చనిపోతే, ఆ దుఃఖంలోంచి పుట్టిన ఆస్పత్రి అది. 1953లో తెరిచారు.

జనం భయాలు మాత్రం ఇంకోచోట ఉంటాయి. మంగలి షాపులో కొత్త బ్లేడు వేస్తేగానీ గడ్డం అప్పగించని మగాడు, పడకగదిలో కండోమ్ ఊసెత్తితే ముఖం చిట్లిస్తాడు. బ్లేడు మార్చమనడం మంచిదే. కానీ ఈ వైరస్ ప్రధానంగా రక్షణ లేని కలయిక వల్ల, ఒకరి సూది ఇంకొకరు వాడటం వల్ల, పరీక్షించని రక్తం వల్ల, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. దోమ కుడితే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, ఒళ్లో కూచోబెట్టుకుంటే రాదు. దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతమైతే తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 అని 2021 లెక్క. అంటే మన పులిరాజాలు ఎక్కడికీ పోలేదు.

మందుల వ్యాపారిని కాబట్టి ఒక ముచ్చట. మొదటి హెచ్‌ఐవీ మందు ఏజడ్‌టీని మన దేశంలో తయారుచేసే పద్ధతి ఇక్కడి తార్నాకలో, ఐఐసీటీ పరిశోధనశాలలో ఏ.వి.రామారావు గారి చేతుల మీదుగా రూపుదిద్దుకుని సిప్లా కంపెనీకి వెళ్లింది. విదేశీ కంపెనీలు మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా తీసుకుంటున్న రోజుల్లో, 2001లో అదే సిప్లా మూడు హెచ్‌ఐవీ మందులు కలిపి 350 డాలర్లకిస్తానంది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన సర్కారు ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు చాలామందికి రోజుకొక్క గోలీ. వదలకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గుతుంది. అలా తగ్గి నిలబడ్డవాళ్ల నుంచి కలయిక ద్వారా జతగాడికో జతగత్తెకో సోకదు. ఈ మాట చెబితే నా వంక అనుమానంగా చూస్తారు, అమ్ముకోవడానికి చెబుతున్నాననుకుంటారో ఏమో! నా దగ్గర ఆ గోలీలే లేవు. వాటినిచ్చే సర్కారు ఏఆర్‌టీ సెంటర్‌కు పొమ్మంటాను. పరీక్షా ఉచితమే. నన్నడగడానికి సిగ్గయితే 1097 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయమంటాను, అదీ ఉచితమే.

ఆ పిల్లవాడు మళ్లీ రాలేదు. ఉస్మానియాకు వెళ్లాడో, ఆటోను మధ్యలోనే ఆపించుకున్నాడో.

మొన్న సాయంత్రం, షాపు నిండా జనం. ఉద్యోగం నుంచి వస్తున్నట్టుంది, మెడలో ఐడీ కార్డుతో ఒకమ్మాయి తలనొప్పి మాత్ర అడిగిన గొంతుతోనే కండోమ్ ప్యాకెట్ అడిగింది. వెనకున్న ముసలాయన దగ్గాడు. నా చెయ్యి అలవాటుగా కౌంటరు కింది నల్ల కవరు మీదికి పోయింది.

"కవరొద్దంకుల్," అని ప్యాకెట్టు బ్యాగులో వేసుకుని, చిల్లర లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది.