కారుకు కరెంటు ప్లగ్గా?

కెనడాలోని విన్నిపెగ్‌లో పెట్రోలు కార్ల ముందు కూడా ఒక ప్లగ్గు తీగ వేలాడుతూ కనిపిస్తుంది. ఫోనులా కారుకూ చార్జింగా? కాదు!

చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె గడ్డకట్టి సీసాలోంచి రానంటుంది కదా? అక్కడ చలి మైనస్ 30 డిగ్రీలకూ దిగుతుంది. ఇంజన్ ఆయిల్ ముదురు పాకంలా చిక్కబడి, ఇంజన్ తిరగనని మొరాయిస్తుంది.

అందుకే ఇంజన్‌లో చిన్న హీటరు పెడతారు; ఆ ప్లగ్గు తీగ దానిదే. మనం బకెట్లో నీళ్లు కాచుకునే హీటరు కడ్డీకి తమ్ముడన్నమాట! ఇంజన్‌ను చల్లబరచడానికి దాని లోపల తిరిగే కూలెంట్ అనే ద్రవాన్ని అది వెచ్చబెడితే, ఆ వేడి ఇంజన్‌కూ పాకుతుంది. బయల్దేరే ముందు రెండు మూడు గంటలు చాలు.

కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోస్తే? ఫ్రీజర్‌లో పెట్టిన నిండు గాజుసీసా పగిలినట్టే, నీరు గడ్డకట్టి ఉబ్బి ఇంజన్‌నే చీల్చేయగలదు. అందుకని సగం నీళ్లకు సగం గ్లైకాల్ అనే ద్రవం కలుపుతారు. అప్పుడు దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. మన మండుటెండల్లో కూలెంట్ త్వరగా మరగకుండా చూసేదీ అదే!

మరి జాగ్రత్తలు? తీగ చిట్లిందేమో, కూలెంట్ తగ్గిందేమో పెద్దవాళ్లు చూస్తుండాలి. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదు. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీస్తామా ఏంటి?