జటాయువు నేర్పిన వార్ధక్య ధర్మం

మన హబ్సిగూడ ప్రాంతంలో ఏ పురాణ కాలక్షేపానికి వెళ్ళినా ముందు వరుసలో కనబడేది పెద్దలే. వారి నోట తరచుగా వినబడే మాట ఒకటి ఉన్నది: “ఇక మావల్ల ఏమవుతుంది?” ఈ ప్రశ్నకు ఆదికవి వాల్మీకి అరణ్యకాండలో జటాయువు రూపంగా సమాధానం చెప్పినాడు.

సీతమ్మ ఆక్రందన విని రావణుని అడ్డగించిన జటాయువు వెంటనే యుద్ధానికి దిగలేదు. పరభార్యను అపహరించుట రాజధర్మం కాదని ముందుగా హితవు పలికినాడు. పిమ్మట తన వయస్సు తానే చెప్పుకొన్నాడు. తాను పుట్టి 60,000 సంవత్సరాలైనదనీ, ఎదుటివాడు యువకుడనీ, వానికి రథం, కవచం, ధనుస్సు ఉన్నాయనీ చెప్పి, అయినను సీతను కొనిపోనీయనన్నాడు. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. తన బలహీనతను ఎరుగక ముందుకు ఉరుకుట కేవలం సాహసం. ఎరిగియుండియు ధర్మం కొరకు నిలుచుట ధైర్యం.

ఆ వృద్ధుడు రావణుని ధనుస్సు విరిచినాడు, రథం కూల్చినాడు. అంతలో ముసలితనం వలన అలసిపోయినాడు. ఆ మాటను మహర్షి దాచలేదు. ఆ అలసట చూచి సంతోషించి రావణుడు సీతతో ఆకాశానికి ఎగసినాడు. అలసినవాడే మరల లేచి వెంటాడినాడు. రావణుడు ఖడ్గంతో రెక్కలు నరికిన తరువాత గాని నేలకొరగలేదు.

మరి ఇది ఓటమియేనా? రాముడు వచ్చేవరకు ప్రాణాలు ఉగ్గబట్టుకొని, సీతను రావణుడు దక్షిణ దిశగా కొనిపోయినాడని చెప్పి, ఆ తరువాతనే కన్నుమూసినాడు. రెక్కలు పోయినా మాట మిగిలింది. ఆ మాట రామకార్యానికి దారి చూపింది. తండ్రికి స్వయంగా దహనసంస్కారం చేసే అవకాశం రామునికి దక్కలేదు. తండ్రి మిత్రుడైన జటాయువుకు మాత్రం తన చేతులతో ఆ సంస్కారం చేసి, గోదావరిలో తర్పణం విడిచినాడు.

అన్నగారైన సంపాతి కథయు ఇట్టిదే. యౌవనంలో తమ్ముని సూర్యతాపం నుండి కాపాడబోయి రెక్కలు కాల్చుకొన్నాడు. కదలలేని ఆ వృద్ధునికి దూరదృష్టి మిగిలి ఉన్నది. కిష్కింధాకాండలో, నిరాశతో ప్రాయోపవేశానికి కూర్చున్న వానరులకు, నూరు యోజనాల సముద్రానికి ఆవల లంకలో సీత ఉన్నదని చెప్పినాడు. రామకార్యంలో తోడ్పడగానే అతనికి రెక్కలు మరల మొలిచినవి.

ఈ ధర్మం పురాణకాలంతో ముగిసినది కాదు. యౌవనంలో నిజాం పాలనపై పోరాడిన దాశరథి రంగాచార్యులుగారు (1928–2015) మన జంటనగరాలలోనే నివసించి, వార్ధక్యంలో నాలుగు వేదాలను తెలుగు చేసినారు.

కావున పెద్దలారా! పోయినదానిని లెక్కపెట్టుకొనుట మాని, మిగిలినదేదో చూడండి. కాలు సాగకున్నా కంఠం ఉన్నదా? మనుమలకు ఒక శ్లోకం నేర్పండి. చూపు తగ్గినా జ్ఞాపకం ఉన్నదా? ఒక మంచి మాట అందించండి. ఇంటిలో అన్యాయం కనబడితే, వినరని తెలిసినా హితవు చెప్పండి. ఫలం రామునిది, ప్రయత్నం మనది.

స్వస్తి.