మెట్టూరులో వాలుగల వేట

మన పుట్టిని మెట్టూరు వైపు పరిసల్ అంటారు, వాలుగను వాళై అంటారు. 1934లో పూర్తయిన ఆనకట్ట వెనుక, కావేరి జలాశయం మీద, సెలవునాళ్ళలో మేము బెస్త పెద్దాయన పుట్టిలో గాలాలు పట్టుకొని బయలుదేరుతాము.

బురదనీటిలో వాలుగ మీసాలతో తడిమి ఎరను పోల్చుకుంటుంది. చీకటిపడే వేళకు మేతకు వస్తుంది. ఒంటిమీద పొలుసు ఉండదు గాని, నోటినిండా పళ్ళే. గాలం విప్పేటప్పుడు వేళ్ళు జాగ్రత్త! పిల్లలను పుట్టి నడుమనే కూర్చోబెట్టాలి. అందరూ ఒక అంచుకు చేరితే ఒరిగిపోతుంది.

మొన్న ఆషాఢంలో గుడ్లతో ఉన్న వాలుగ పడింది. ఇంట్లో చింతపండు నానబెట్టి కూర్చున్నారు. అయినా నీటికే వదిలేశాము. ఈ జాతికి ముప్పు వచ్చిందని 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం చెప్పింది మరి. ఆ పూట మాకు పప్పుచారే!