పాత వస్తువు - కొత్త కళ

ఇల్లన్నాక ప్రతిదినమూ కొన్ని వస్తువులు లోనికి వస్తాయి. కొన్ని బయటికి పోతాయి. లోనికి వచ్చే వస్తువు వెల మనకు తెలుసు. బయటికి పోయే వస్తువు విలువను మాత్రం మనం లెక్కించం. చినిగిన చీర, చదివి మడిచిన వార్తాపత్రిక, పగిలిన గాజు, చింతపండు పులుసు తీయగా మిగిలిన గింజ, ఇవన్నీ వాడుక తీరినవే కాని పని తీరినవి కావు. వీటికి రెండవ జన్మ ప్రసాదించే విద్య మన తెలుగు ఇళ్ళలోను, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలోను చిరకాలంగా ఉన్నది. దానికి బడి లేదు, పట్టా లేదు. అమ్మమ్మ చేతులే గురువు. ఇంటి అరుగే తరగతి గది. ఆ విద్య స్వరూపమేమిటో, దానిని నేడు మనమెందుకు నిలుపుకోవాలో ఈ వ్యాసంలో వివరింపదలచాము.

ముందుగా బొంతను తీసుకుందాం. కొత్త నూలుచీర బొంతకు పనికిరాదు. ఏళ్ళ తరబడి ఉతికి మెత్తబడిన చీరే కావాలి. అట్టి చీరలను ఒకదానిపై ఒకటి మూడు నాలుగు పొరలుగా నేలమీద పరచి, ముడత లేకుండా సాగదీసి, మూలలలో బరువులుంచుతారు. ముందు పెద్ద పెద్ద కుట్లతో పొరలను కదలకుండా పట్టించి, ఆ మీదట అంచుల నుండి నడిమికి చిన్న కుట్లు వేసుకుంటూ పోతారు. పొరల నడుమ నిలిచిన గాలియే చలిని ఆపుతుంది. కుట్టు ఆ పొరలను జారనీయదు. చిరుగు ఉన్నచోట వేరొక రంగు గుడ్డను అతుకుతారు. ఆ అతుకే అలంకారమవుతుంది. లోపాన్ని దాచడానికి వేసిన ముక్క చూపరుల కంటికి పువ్వుగా కనబడడమే ఈ కళలోని రహస్యం.

బొంత ఒక్కరి పని కాదు. నాలుగు వైపుల నలుగురు కూర్చుంటేనే అది త్వరగా తెమిలేది. అందుచేత సూదితోబాటు మాటా సాగుతుంది. పెళ్ళి కబురు, పురిటి కబురు, ధరల కబురు అన్నీ ఆ కుట్లలో కలిసిపోతాయి. దీనినే ఉర్దూలో గుదడీ అంటారు. పేదవేషంలో ఉన్న గుణవంతుని 'గుదడీ కా లాల్', అనగా బొంతలోని మాణిక్యం, అని ఆ భాషలో మెచ్చుకుంటారు. బెంగాలులోని కాంథా కూడా ఈ కుటుంబానికి చెందినదే. పేర్లు వేరైనా తల్లి మనసు ఒక్కటే: తాను కట్టి విడిచిన చీర బిడ్డకు పక్కబట్ట కావాలని.

ఇక కాగితం. పాత పత్రికలను చించి రెండు మూడు దినాలు నీళ్ళలో నానవేస్తారు. గుప్పెడు మెంతులను విడిగా రాత్రంతా నానబెడతారు. రెండింటినీ కలిపి రోటిలో మెత్తగా రుబ్బి, ఆ ముద్దను పాత చేటకో, బుట్టకో సమంగా మెత్తుతారు. బుట్టను తయారు చేయాలంటే బోర్లించిన గిన్నెపై మెత్తి, ఆరిన పిదప ఊడదీస్తారు. మెంతుల జిగురు కాగితపు పీచును గట్టిగా పట్టి ఉంచుతుంది. దాని చేదు పురుగును దరిజేరనీయదని పెద్దల నమ్మకం. సందులు పడిన చేట మళ్ళీ పిండి నిలుపుతుంది. పైన సున్నమో, ఎర్రమన్నో పూసి ముగ్గు గీతలు దిద్దితే పండుగనాడు పసుపు కుంకుమలు ఉంచడానికి యోగ్యమవుతుంది. మన విశాఖలో ఒక జాగ్రత్త అవసరం. సముద్రపు తేమగాలికి ఈ ముద్ద త్వరగా ఆరదు. ఆరకపోతే బూజు పడుతుంది. కనుక పలుచగా మెత్తి, ఒక పూత ఎండిన తరువాతనే మరొక పూత వేయాలి. మంచి ఎండలున్న దినాలలోనే ఈ పని పెట్టుకోవాలి.

చింతగింజ చరిత్ర ఇంకా గొప్పది. ప్రసిద్ధమైన కొండపల్లి బొమ్మలను తేలికైన తెల్లపొణికి కర్రతో చెక్కుతారు. విడివిడిగా చెక్కిన తల, చేతులు మొండేనికి అతికేది రంపపు పొట్టును, చింతగింజల పొడిని కలిపి చేసిన మక్కుతోనే. వంటింటి వ్యర్థమూ, వడ్రంగి వ్యర్థమూ కలిసి దశావతారాలను నిలబెడుతున్నాయన్న మాట! సంక్రాంతి బొమ్మల కొలువులో చేతులు జోడించి నిలిచే బొమ్మ వెనుక ఇంత పొదుపు ఉన్నది.

ఇల్లు దాటి వీధిలోకి వస్తే ఈ కళ సాముదాయికమవుతుంది. మొహర్రం దినాలకు వెదురుబద్దలు, రంగుకాగితాలు కూర్చి తాజియాను నిర్మించేటప్పుడు వీధిలోని కుర్రవారందరికీ తలా ఒక పని దొరుకుతుంది. మా కంచరపాలెం పేరులోనే కంచరి అన్న మాట వినబడుతున్నది. కంచరి పాతలోహాన్ని కరిగించి కొత్త పాత్ర పోసేవాడు కదా! ఈ పేట ప్రజలకు కళ దూరమైనది కాదని చెప్పడానికి మరొక నిదర్శనం కలదు. 2018లో వెంకటేశ్ మహా దర్శకత్వంలో వెలువడిన 'కేరాఫ్ కంచరపాలెం' చిత్రంలో పాత్రధారులలో పెక్కుమంది ఈ ప్రాంతపు సామాన్యజనమే. ఉన్న వీధులనూ ఉన్న మనుషులనూ కళగా మార్చిన ఆ పద్ధతి మన వ్యాస విషయానికి దగ్గరి చుట్టమే.

లోకంలో ఈ మార్గాన కీర్తి గడించినవారూ ఉన్నారు. రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ 1957లో చండీగఢ్‌లో రహస్యంగా పని మొదలుపెట్టి, విరిగిన గాజులు, పింగాణీ పెంకులు, కూల్చిన ఇళ్ళ శిథిలాలు సేకరించి వేలాది బొమ్మలు నిలిపాడు. ఆ రాతి తోటను 1976లో ప్రజలకు తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ లభించింది. చిత్రకారుడు పికాసో 1942లో సైకిలు సీటును, హ్యాండిలును జతచేసి ఎద్దుతలను సృష్టించాడు. మన తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప ముక్కలతో నిలువెత్తు విగ్రహాలను మలచి పేరుపొందారు. తండ్రీకొడుకులు కలిసి చేయడం ఇక్కడ గమనింపదగిన అంశం.

అయితే ఒక్క మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. నేడు పాఠశాలలలో వ్యర్థంతో కళ అనే పోటీలు తరచు జరుగుతున్నాయి. వాటికై తల్లిదండ్రులు బజారుకు పోయి కొత్త థర్మకోలు, మెరుపు కాగితం, ప్లాస్టిక్ పూలు కొని తెస్తున్నారు. ప్రదర్శన ముగిసిన మర్నాడు అవన్నీ చెత్తకుండీకి చేరుతున్నాయి. ఇది వ్యర్థంతో కళ కాదు. కళ పేరిట కొత్త వ్యర్థం. కనుక ఏ వస్తువు చేసినా మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఇందుకోసం కొత్తగా ఏమి కొన్నాము? చేసిన వస్తువును ఇంట్లో ఏడాదిపాటు వాడుకుంటామా? పాడైన పిమ్మట అది మట్టిలో కలుస్తుందా, లేక మరల విడదీయ వీలవుతుందా? ఈ మూడింటికీ మెంతిబుట్ట సమాధానం చెప్పగలదు. థర్మకోలు తాజ్‌మహలు చెప్పలేదు.

ఈ కళవల్ల నగరపు చెత్త అంతా మాయమవుతుందని మేము అనడం లేదు. విశాఖ చెత్త చేరే కాపులుప్పాడ గుట్టను నాలుగు బొంతలు కరిగించలేవు. 2022 జూలై 1 నుండి దేశంలో కొన్ని ఏకవాడుక ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం వచ్చింది. అట్టి చట్టాలూ, పురపాలక వ్యవస్థా చేయవలసిన పని వేరు. పాత ఇనుము, కాగితం మూటగట్టుకొని వీధివీధి తిరిగే శ్రమజీవులు చేసే మేలు మన బొమ్మలకన్న ఎన్నో రెట్లు పెద్దది. ఈ కళ ఇచ్చే లాభం మరొకటి: అది చూపును మారుస్తుంది. బొంత కుట్టిన చేయి బట్టను తొందరపడి పారవేయదు. చెత్త ఏరే మనిషిని చిన్నచూపు చూడదు.

కాని ఈ విద్య తెలిసినవారు రోజురోజుకు తగ్గిపోతున్నారు. పాతబట్టలు స్టీలు గిన్నెలకు మారకమవుతున్నాయి. కొన్న దుప్పటి చౌకగా దొరుకుతున్నది. రోలు మూలకు చేరింది. వ్రాసి ఉంచని విద్య గురువుతోనే వెళ్ళిపోతుంది. పుస్తకాలలో వెదకితే దొరకని ఈ పాఠం మన ఇళ్ళలో నేటికీ మిగిలి ఉండగానే నేర్చుకోవాలి.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఏడాదికొక దినమైనా విద్యార్థుల అమ్మమ్మలను, నానీలను కళాశాలకు ఆహ్వానించి, వారిని అతిథులుగా గాక ఆచార్యులుగా కూర్చోబెట్టండి. ఇందుకు నిధులు అక్కరలేదు. ఒక చాప, నాలుగు సూదులు, ఇంటికొక పాతచీర చాలు. సోదర విద్యార్థినీ విద్యార్థులారా! వచ్చే సెలవులలో ఇంటి పెద్దల చెంత కూర్చుని ఒక్క పని నేర్చుకొని, దాని విధానాన్ని తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి తెండి. రెండు భాషలవారి పాతచీరలు ఒకే బొంతలో చేరిననాడు, ఏ ముక్క ఎవరింటిదో అడిగే అవసరం ఉండదు.