వెనక గోడా, వెడల్పు కటకమూ

ఇంట్లో ఫోటో తీయబోయేవాడికి మొదటి శత్రువు చీకటి కాదు, వీపుకు తగిలే గోడ. “ఇంకాస్త వెనక్కి జరుగు” అని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే. జరగడానికి చోటేదీ?

కోనసీమలో మా పెదనాన్నగారి మండువా ఇల్లు ఈ వేసవిలో పడగొడతారని తెలిసింది. అందులో పుట్టి పెరిగినవాళ్లం ఇంతమందిమి ఉండి, ఆ ఇంటి లోపలి ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ వీధి అరుగు మీద వరసగా నిలబడి తీయించుకున్నవే. అందుకని నా పాత లైకా ఎమ్-2 కెమేరాకు 35 మిల్లీమీటర్ల చిన్న వైడ్ యాంగిల్ కటకం తగిలించి బయలుదేరాను. దాని పేరు వోయిట్‌లాండర్ కలర్ స్కోపార్. బరువు 134 గ్రాములు. పొడుగు అంగుళం కూడా లేదు.

ఇంత చిన్నదెలా అయిందంటారా? ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో ఫిలిముకు ముందు ఒక అద్దం లేస్తూ దిగుతూ ఉంటుంది. దానికి చోటు వదిలి కటకం దూరంగా ఉండాలి. అందువల్ల అక్కడ వెడల్పు కటకాలకు ఒళ్లు పెరుగుతుంది. రేంజిఫైండర్ కెమేరాలో ఆ అద్దమే లేదు; కటకం ఫిలిముకు బాగా దగ్గరగా చేరగలదు. మనం చూసేది కటకంలోంచి కాదు, పైనున్న చిన్న కిటికీలోంచి. అందులో మనిషి రెండు బొమ్మలుగా కనబడతాడు. కటకం తిప్పి రెండింటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. 1954లో వచ్చిన ఎమ్-3 కిటికీలో 35కు హద్దు గీతలు లేవు. దాని తరవాతి ఎమ్-2లో ఉన్నాయి.

ఇక లెక్క చూడండి. రెండు మీటర్ల దూరం నుంచి 50 మిల్లీమీటర్ల కటకం సుమారు 1.4 మీటర్ల వెడల్పు పడుతుంది. 35ది రెండు మీటర్లు దాటుతుంది. అంత వెడల్పు 50తో కావాలంటే దాదాపు మూడడుగులు వెనక్కి జరగాలి. వంటింట్లో దొరకనివి సరిగ్గా ఆ మూడడుగులే!

“ఏమిట్రా, మీదికొచ్చేస్తున్నావు?” అంది పెద్దమ్మ, పొయ్యి ముందు కూర్చుని.

“వెనక గోడుంది పెద్దమ్మా!”

కటకం పూర్తిగా తెరిచి, సెకనులో ముప్పయ్యో వంతుకు పెట్టి నొక్కాను. మండువాలో వెలుతురు బాగానే ఉంది. ఎపర్చరు 8కి మూసి, దూరం 5 మీటర్లకు పెడితే, సుమారు రెండున్నర మీటర్ల నుంచి ఆవలివన్నీ స్పష్టంగా వస్తాయి. పరుగులెత్తే పిల్లల వెంట ఫోకస్ తిప్పుతూ తిరగనక్కరలేదు.

అయితే ఈ కటకానికి కొన్ని పేచీలున్నాయి. అంచున నిలబడ్డవాళ్లు కాస్త లావెక్కుతారు. పెద్దవాళ్లను నడుమ కూర్చోబెట్టండి. కెమేరా పైకెత్తితే స్తంభాలు వెనక్కి వాలినట్టు కనబడతాయి, నిటారుగా పట్టుకోండి. మరీ ముఖం దగ్గరికి వెళితే ముక్కే ముందు పడుతుంది.

ప్రింట్లు చేతికిస్తే, పెద్దమ్మ తన ముఖం సంగతి వదిలేసి వెనకున్న సామాను వేలు పెట్టి చూపించసాగింది. “ఆ ఉట్టి కొక్కెం మా అత్తగారు వేయించింది. ఆ మసి మరక నా కాపురమంత పాతది.”

వచ్చే నెలకు ఆ గోడ ఉండదు. కొక్కెమూ మరకా మాత్రం పిల్లలకు చూపించడానికి మిగిలాయి. మీ ఇళ్లలోనూ అరుగు మీది ఫోటోతో సరిపెట్టుకోకండి. కెమేరా పట్టుకుని లోపలికి నడవండి.